మూన తిరిగేదాకా ఆగుదాం




ఈ నెల గోడ పత్రికలో "నా అభిప్రాయం" శీర్షిక నా వంతుకు వచ్చింది. సినిమా మీద రాయరా అన్నాడొకడు. క్రికెట్టు మీద రాయరా అన్నాడింకొకడు. కానీ బడి తెరిచి మూడు వారాలైంది. 3వ తరగతిలోకి కొత్త కుర్రాళ్ళు వచ్చారు. ట్రంకు పెట్టె మీద కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండే ఆ చిన్న తమ్ముళ్ళని మీరందరూ చూస్తూనే ఉన్నారు. వాళ్ళ సంగతి వాళ్ళు రాసుకోలేరు. రాయడం బాగా వచ్చేసరికి ఈ రోజులు మర్చిపోతారు. అందుచేత వాళ్ళ తరఫున నేను రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకు మొదటి నెలలో ఎన్ని అక్షరాలు వచ్చాయని చూడకూడదు, ఎంత భయం పోయిందని చూడాలి. వాడి ఇంటి మాటను మనం ముందు బడిలోకి రానివ్వాలి. అప్పుడు బడి మాట వాడిలోకి వెళుతుంది. ఇది వార్డెన్ గారు ఒక్కరే చేయగలిగిన పని కాదు. 8, 9, 10 తరగతుల వాళ్ళం చేయవలసిన పని.

మన బడి చుట్టూ ఉన్న చేలు చూడండి. ఇప్పుడు ఆకుమళ్ళు పచ్చగా ఉన్నాయి. కొద్ది రోజుల్లో నారు పీకి నాట్లు వేస్తారు. ఆకుమడిలో కళకళలాడిన నారు, చేలో నాటగానే తల వాల్చేస్తుంది, పసుపు రంగుకు తిరుగుతుంది. తెలియనివాడు చూస్తే చచ్చిపోయింది అనుకుంటాడు. రైతు అలా అనుకోడు. మడిలో పలచగా నీరు నిలబెట్టి వారం పది రోజులు ఓపిక పడతాడు. వేరు పట్టి మళ్ళీ పచ్చబడితే "మూన తిరిగింది" అంటాడు. అంతేగాని నాటిన మర్నాడే "ఎందుకు పెరగలేదే" అని నారుని బెత్తంతో కొట్టడు కదా!

మరి పిల్లల దగ్గరికి వచ్చేసరికి మనం ఏం చేస్తున్నాం? ఒకడు అన్నం సరిగా తినడు. ఒకడు క్లాసులో నోరు తెరవడు. ఒకడు పిలిచినా పలకడు. చూసినవాళ్ళు "మొండోడు", "మొద్దు" అని పేరు పెట్టేస్తారు. ఆ పేరు ఒకసారి అంటుకుంటే పదో తరగతి దాకా ఊడదు. వాడు ఎందుకు అలా ఉన్నాడో చూద్దాం.

మొదటిది భాష. మన బడి కోనసీమలో ఉన్నా మనమంతా ఒక్కచోటి వాళ్ళం కాదు. కొందరం చింతూరు, కూనవరం వైపు నుంచి వచ్చిన కోయ పిల్లలం. కొందరు మారేడుమిల్లి, రంపచోడవరం కొండల్లోని కొండరెడ్ల పిల్లలు. మరికొందరు ఇక్కడే అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ళలోని ఎరుకల, యానాది ఇళ్ళ పిల్లలు. కొండరెడ్ల ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అయినా యాస వేరు. ఎరుకల వాళ్ళకి సొంత భాష ఉంది, అది తమిళానికి దగ్గర. మా కోయ మాట గోండీకి దగ్గర. అందరినీ ఒక్క వరసలో కూర్చోబెట్టి ఒక్క వాచకం ఇస్తారు.

ఒక్క మాట ఉదాహరణగా చెబుతాను. కోయలో "ఏరు" అంటే నీళ్ళు. తెలుగులో "ఏరు" అంటే పారే వాగు. దాహమేసిన కోయ కుర్రోడు "ఏరు" అన్నాడనుకోండి. పక్కనున్నవాడు "ఇక్కడ ఏరెక్కడిదిరా, ఉన్నది కాలవే" అని నవ్వుతాడు. నవ్వినవాడు చెడ్డవాడు కాదు, తెలియక నవ్వాడు. కానీ ఆ కుర్రోడు ఆ పూట ఏం నేర్చుకున్నాడు? దాహమేసినా నోరు మూసుకోవాలని నేర్చుకున్నాడు. బడిలో అదే వాడి మొదటి పాఠం అయిపోయింది! తర్వాత మాస్టారు ఎంత చక్కగా పాఠం చెప్పినా వాడు డౌటు అడగడు. నీళ్ళే అడగలేనివాడు లెక్క ఏం అడుగుతాడు?

రెండవది పేరు. ఇంట్లో మనల్ని పిలిచే పేరు ఒకటి, ఆధార్ కార్డులోనూ హాజరు పట్టీలోనూ ఉండే పేరు ఇంకొకటి. చాలామంది ఇళ్ళల్లో ఇదే వరస. పుట్టిన దగ్గర్నుంచి ముద్దుపేరుతో పిలిపించుకున్న పిల్లాడికి, ఇంటి పేరుతో కలిపి గట్టిగా పిలిస్తే అది తననే అని తెలియదు. పలకడు. ఆబ్సెంటు పడుతుంది. వెనకాల కూర్చుని ఉన్నవాడికి ఆబ్సెంటు!

మూడవది గంట. మన ఇళ్ళల్లో టైము ఉండదని కాదు. కోడి కూసినప్పుడు లేస్తాం, పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు తింటాం, పశువులు తిరిగొస్తే పొద్దుపోయింది అంటాం. హాస్టల్లో టైము అంతా గంట చెబుతుంది. లేవడానికి గంట, ప్రార్థనకు గంట, టిఫినుకు గంట, పీరియడుకు గంట, ఆటలకు గంట, స్టడీ అవరుకు గంట, పడుకోవడానికి గంట. మనకు చెవికి అలవాటైపోయింది. కొత్తవాడికి అన్నీ ఒకే "ఠంగు" లాగానే ఉంటాయి. ప్రార్థన గంటకి పళ్ళెం పట్టుకుని వస్తే మనం పడీపడీ నవ్వుతాం. వాడికి ఆ గంట అర్థం ఎవరైనా చెప్పారా అని ఆలోచించం.

నాలుగవది రాత్రి. పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి అమ్మ పక్కన, పొయ్యి వెచ్చదనంలో పడుకున్నవాడు ఇక్కడ పొడుగాటి హాల్లో ఒంటరిగా పడుకోవాలి. కొండల్లోంచి వచ్చినవాడికి కొబ్బరి మట్టల చప్పుడు కొత్త. ఆ చీకట్లో బాత్రూముకి ఒక్కడూ వెళ్ళలేడు. భయపడి పక్క తడుపుతాడు. తెల్లారేసరికి దుప్పటి అందరి ముందూ ఆరేయాలి. ఇంకేముంది, ఆ రోజంతా అదే పాట! ఇది నవ్వే విషయమా? పక్క తడపడం తప్పు కాదు. భయంలోనూ కొత్త చోటులోనూ చిన్నపిల్లలకు జరిగేదే.

ఇంత చెప్పాక కొందరు పెద్దలు ఒక మాట అంటారు: "మొక్కై వంగనిది మానై వంగునా? ఇప్పుడే క్రమశిక్షణ నేర్పాలి." పెద్దల మాట కొట్టిపారేయను. క్రమశిక్షణ కావాలి. గంటకి లేవడం, వరసలో నిలబడడం, పళ్ళెం కడుక్కోవడం, ఇవన్నీ వచ్చాక మనకే సుఖం. కానీ కోనసీమ మనుషులకు నేను చెప్పేదేముంది? కొబ్బరి మొక్క పెట్టిన రోజునే ఎవరైనా వంచుతారా? పాదు చేస్తారు, నీళ్ళు పోస్తారు, ఎండ తగలకుండా నీడ కడతారు. వేరు పట్టని మొక్కని వంచితే అది వంగదు, ఊడి చేతిలోకి వస్తుంది.

ఇంకో మాట కూడా అంటారు: "మేమూ ఏడిచాం, మేమూ అలవాటు పడ్డాం, వీళ్ళూ పడతారు." ఈ మాట మనలోనే ఎక్కువమంది అంటారు. మిత్రులారా, ఒక్కసారి ఆలోచించండి. ఈ గోడ ముందు నిలబడి చదువుతున్నవాళ్ళమంతా అలవాటు పడినవాళ్ళమే. అలవాటు పడనివాళ్ళు ఇక్కడ లేరు. వాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు. కొందరు పశువుల వెనక పోయారు, కొందరు అమ్మానాన్నలతో మిరప కోతలకి పోయారు. వాళ్ళు వచ్చి "మేము అలవాటు పడలేదు" అని ఈ పత్రికలో రాయరు. ఉన్నవాళ్ళని చూసి లెక్క వేస్తే అందరూ పాసే. పోయినవాళ్ళని కూడా కలిపి లెక్క వేయాలి కదా! 3వ తరగతిలో నా పక్కన కూర్చున్నవాళ్ళలో 10వ తరగతి దాకా నాతో రానివాళ్ళు ఉన్నారు. వాళ్ళు నాకంటే తెలివి తక్కువ వాళ్ళు కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ప్రతి ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి (1863-1940) ఫొటోకి దండ వేసి, వాడుక భాష కోసం పోరాడారని ఉపన్యాసాలు ఇస్తాం. ఆయన గురించి ఇంకో సంగతి మనబోటి వాళ్ళు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో వాళ్ళకి బడులు పెట్టించారు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. సవర మన తెలుగు కుటుంబం భాష కూడా కాదు, ముండా కుటుంబం భాష. అయినా పిల్లలు నేర్చుకోవడం ఎందుకు అనలేదు, మాస్టారే ముందు పిల్లల భాష నేర్చుకున్నారు. నాకు అనిపించేదేమంటే ఆయన వాడుక భాష పోరాటం, సవర బడులు రెండూ ఒక్కటే. నోట్లో ఉన్న మాటతోనే చదువు మొదలవ్వాలి అన్నదే రెండింటి సారం. ఆ ఫొటోకి దండ వేసిన చేత్తోనే "ఏరు" అన్నవాణ్ణి వెక్కిరించడం న్యాయమా?

అటు ఆదిలాబాదు గోండు గూడేల్లోనూ ఇలాంటి పని జరిగింది. నిజాం పాలనలో 1943లో హైమన్‌డార్ఫ్ దొరగారి చొరవతో మార్లవాయిలో ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. గోండులకే శిక్షణ ఇచ్చి మాస్టార్లని చేశారు. గోండీలో వాచకాలు తయారుచేశారు. పిల్లాడి మాట తెలిసినవాడు బల్ల దగ్గర నిలబడితే ఎంత తేడా ఉంటుందో వాళ్ళు అప్పుడే గ్రహించారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2004లో ఈ పద్ధతి మొదలుపెట్టారు. కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అని 8 భాషల్లో, తెలుగు లిపిలోనే వాచకాలు తెచ్చారు. 1వ తరగతి ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లమెల్లగా తెలుగులోకి తీసుకురావాలని వాళ్ళ ఉద్దేశం. ఆ పుస్తకాలు చదువుకుని వచ్చిన పిల్లాడు, ఏ పుస్తకమూ లేకుండా వచ్చిన పిల్లాడు, ఇద్దరూ మన హాస్టలు గేటు దగ్గరకు వచ్చేసరికి సమానమే. అక్కణ్ణుంచి వాళ్ళకి దారి చూపవలసింది మనం.

చట్టం సంగతి కూడా చూద్దాం. రాజ్యాంగంలో 350-ఎ అధికరణం ఉంది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పే వసతి కలిగించాలని అది చెబుతుంది. 2009 విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్, వీలైనంతవరకు పిల్లల మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. అదే చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ కూడా నిషేధించింది. కొట్టడం ఒక్కటే కాదు సుమా, వెక్కిరించడం కూడా వేధించడమే! 2021లో "విద్యా ప్రవేశ్" అని ఒక కార్యక్రమం పెట్టారు. 1వ తరగతిలో చేరినవాళ్ళకి మొదటి మూడు నెలలు ఆటపాటలతో బడి అలవాటు చేయాలని దాని ఉద్దేశం. సొంత ఇంట్లో ఉండి బడికి వచ్చే పిల్లలకే మూడు నెలలు ఇచ్చినప్పుడు, ఇల్లు వదిలి వచ్చిన మన తమ్ముళ్ళకి ఒక్క నెల ఇవ్వలేమా?

గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే మాస్టారు ఉండేవారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టినది ఆయనే. ఆయన రాసిన "దివాస్వప్న" తెలుగులోకి కూడా వచ్చింది. అందులో కొత్త మాస్టారు మొదటిరోజు క్లాసులో నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. పిల్లలు గోలగోల చేస్తారు. ఆయన బెత్తం తీయలేదు. కథ చెప్పడం మొదలుపెట్టాడు. కథ కోసం పిల్లలు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుని కూర్చున్నారు. మన స్టడీ అవరులో "సైలెన్స్!" అని అరిచే లీడర్లు ఇది ఒకసారి చదివితే బాగుంటుంది.

ఇక రెండు ప్రశ్నలకి జవాబు చెప్పి ముగిస్తాను.

"ఇప్పుడంతా ఇంగ్లీషు మీడియం కదా, కోయ మాట, ఎరుకల మాట ఎందుకు?" అని అడుగుతారు. ఇంగ్లీషు మనకీ కావాలి. నేను వద్దనడం లేదు. మేడ ఎక్కాలంటే మొదటి మెట్టు నేల మీదే ఉండాలి. వాడి మాటలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లీషులోకి ఎక్కిస్తే ఎక్కుతాడు. కింద మెట్టు తీసేసి పైమెట్టు చూపిస్తే ఏం లాభం?

"వార్డెన్ గారు ఒక్కరు, పిల్లలు ఇంతమంది. ఎవరిని చూస్తారు?" ఇది నిజమే. సరుకులు, బిల్లులు, రిజిస్టర్లు, జ్వరాలు, అన్నీ ఆయనే చూసుకోవాలి. కోయ, ఎరుకల మాటలు రెండూ రావాలని ఆయన్ని అడగలేం. కానీ ఆ మాటలు వచ్చినవాళ్ళం మనం ఉన్నాం కదా! ఈ హాస్టల్లో జీతం లేని మాస్టార్లం మనమే.

కావున నా సూచనలు ఇవి:

1. కొత్తగా వచ్చిన ప్రతి తమ్ముడికి అదే మాట మాట్లాడే పెద్ద తరగతి అన్న ఒకడు ఉండాలి. మొదటి నెల పళ్ళెం దగ్గరా, పంపు దగ్గరా, పక్క దగ్గరా వాడిని కనిపెట్టుకుని ఉండాలి. వాడి బట్టలు ఉతకనక్కరలేదు, ఉతుక్కోవడం చూపిస్తే చాలు.

2. గంట పక్కన గోడ మీద బొమ్మలు వేద్దాం. సూర్యుడు, పళ్ళెం, పలక, బంతి, దీపం, చాప. ఏ గంటకి ఏ బొమ్మో రెండు రోజులు చూపిస్తే మూడో రోజు వాడే చెబుతాడు. బొమ్మలు వేసేవాళ్ళు మన 9వ తరగతిలో బాగానే ఉన్నారు.

3. మొదటి వారం హాజరు పిలిచేటప్పుడు రిజిస్టరు పేరుతో పాటు ఇంటి పేరు, ముద్దుపేరు కూడా పిలవమని మాస్టార్లకి మనవి. ముద్దుపేరు విని ఎవరూ నవ్వకూడదు.

4. రాత్రి పడుకున్నాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చిన్నవాళ్ళని లేపి బాత్రూముకి తీసుకువెళ్దాం. వంతులు వేసుకుందాం. ఆ దారిలో రాత్రంతా ఒక లైటు వెలిగేలా చూడమని వార్డెన్ గారిని కోరుతున్నాను. తడిసిన దుప్పటి వెనక వైపు తీగ మీద, ఎవరికీ కనబడకుండా ఆరేయిద్దాం.

5. అన్నం దగ్గర లైనులో చిన్నవాళ్ళే ముందు. వాళ్ళు నెమ్మదిగా తింటారు. మనం ముందు తిని వెళ్ళిపోయి, వాళ్ళని "ఇంకా అవ్వలేదా" అని కేకలేయడం బాగాలేదు.

6. మొదటి నెల ఫోను వంతుల్లో చిన్నవాళ్ళకి ముందు అవకాశం ఇవ్వాలని వార్డెన్ గారికి విన్నపం. "అమ్మతో మాట్లాడితే ఇంకా ఏడుస్తాడు" అంటారు. ఏడుస్తాడు, నిజమే. కానీ అమ్మ అక్కడ ఉంది, నన్ను మర్చిపోలేదు అని తెలుస్తుంది. ఆ ధైర్యంతోనే ఇక్కడ నిలబడతాడు.

7. వారానికి ఒక్క రోజు స్టడీ అవరులో అరగంట కథలకు ఇవ్వండి. కోయ కథ కోయలో, ఎరుకల కథ ఎరుకలలో చెప్పి, తర్వాత తెలుగులో చెప్పుకుందాం. చిన్నవాళ్ళకి రెండు భాషల మధ్య దారి అలాగే పడుతుంది. పెద్దవాళ్ళం మనం మర్చిపోతున్న మాటలూ గుర్తొస్తాయి.

వీటిలో పైసా ఖర్చు అయ్యేది లైటు ఒక్కటే. మిగతావన్నీ మన చేతుల్లో ఉన్నాయి.

పైరు మూన తిరిగాక రైతు ఎరువు వేస్తాడు, కలుపు తీయిస్తాడు, అప్పుడు ఎంత పని చేయించినా చేను తట్టుకుంటుంది. మన తమ్ముళ్ళూ అంతే. నెల ఆగండి. తర్వాత ఎక్కాలు అడగండి, డిక్టేషను పెట్టండి, గంటకి లేవకపోతే మందలించండి. అప్పటికి వాళ్ళు మనవాళ్ళు అయిపోతారు, మందలిస్తే పడతారు.

ఈ పత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించాను. ఎడమ వైపు కొత్త తమ్ముళ్ళ వరస నంబర్లు ఉన్నాయి, ఎదురుగా ఇంట్లో మాట్లాడే భాష రాశాను. కుడి వైపు ఖాళీగా ఉంది. ఏ తమ్ముడికి అన్నగా ఉంటారో ఆ ఖాళీలో మీ పేరు రాయండి. ఆదివారం సాయంత్రం టీ అయ్యాక ఆ కాగితం తీసుకెళ్ళి వార్డెన్ గారికి ఇస్తాను. మొదటి గడిలో నా పేరు రాసేశాను. మిగతా గడులు ఖాళీగా ఉండకుండా చూడండి.

ఇట్లు,
మీ సోదర విద్యార్థి,
10వ తరగతి